ఇరవై ఏడు, లార్చ్ వీధి

గ్లెండాకి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పిల్లకి ఊపిరాడని రోజంటూ వస్తే, తను పక్కనే ఉండి కూడా చెయ్యవలసిన ఆ ఒక్క పనీ తప్పు చేస్తానని. పిల్లకి ఏమవుతుందోనన్న భయం ఏ తల్లికైనా ఉంటుంది. గ్లెండా భయం ఇంకో మెట్టు కిందికి దిగి కూర్చుంది. ఏమన్నా అయితే అది తన వల్లే అవుతుందని.

ఆ భయానికి ఆధారం లేకపోలేదు. పదిహేనేళ్లు నిండిన వారానికే బడి మానేసి బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టే పనిలో చేరింది. పందొమ్మిదికి పెళ్లి, ఇరవైకి పాప ఈలీన్. పిల్లల క్లినిక్‌లో ఇచ్చిన కాగితాలు ఇంటికి తెచ్చుకుని రెండుసార్లు చదువుతుంది, మూడోసారి మొగుడు నెవిల్ చేత చదివించుకుంటుంది. తను చదివిందీ రాసిందీ తప్పేమోనన్న అనుమానం ఆమెకి బడిలో అంటుకున్న జబ్బు.

ఆ జబ్బు ఎక్కడ మొదలైందంటే వాళ్ల ఊరి పేరు దగ్గరే. మిడిల్స్‌బ్రా. పలకడానికేముంది, నోరు సగం తెరిస్తే చాలు, తోక గొంతులోనే ఉండిపోతుంది. రాయబోతేనే చిక్కు. నాలిక్కి తగలని అక్షరాలు చివర్న బారులు తీరి నిలబడతాయి. పైగా అలాంటి పేర్లున్న మిగతా ఊళ్లన్నిటికీ 'బి' పక్కన ఉండే ఒక 'ఓ' అక్షరం ఈ ఊరికి లేదు. తొమ్మిదేళ్లప్పుడు గ్లెండా ఆ లేని అక్షరాన్ని తెచ్చి మధ్యలో ఇరికించింది. టీచరు మిస్ ఆర్కిల్ నల్లబల్ల దగ్గరికి పిలిచి, స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చి, "లండన్ వాడు తప్పు రాస్తే పోనీ తెలీక రాశాడనుకుంటాం. నువ్వు ఏ ఊరి పిల్లవే?" అంది. క్లాసంతా గొల్లుమంది. అప్పట్నుంచీ ఆ పేరు రాయాల్సిన చోట గ్లెండా కలం మొండి గాడిదలా ఆగిపోతుంది.

నోటితో అనాల్సిన అవసరమైతే ఎప్పుడూ రాలేదు. అక్కడ పుట్టినవాళ్లెవరూ ఆ పేరు అనరు. బజారుకి వెళ్తే "టౌన్‌కి". ఫుట్‌బాల్ ఆటకి వెళ్తే "బోరోకి". రైలు పట్టాల అవతలున్న పాత పేటకి వెళ్తే "సరిహద్దు దాటి". ఎవడన్నా ఊరి పేరు నోరారా మొత్తం పలికాడంటే వాడు ఇన్సూరెన్సు అమ్మడానికొచ్చిన పరాయివాడే.

పోయిన ఏప్రిల్‌లో నది పొడుగునా ఉన్న ఆరు ఊళ్లని ఒక మూటగా కట్టి టీస్‌సైడ్ అని ఒకే పేరు పెట్టారు. "ఆరుగురు తోడికోడళ్లని ఒక్క వంటింట్లోకి తోలారు. ఇంక చూస్కో," అంది పక్కింటి డాట్ ఆంటీ. అన్నట్టే అయింది. ఆరు ఊళ్లలోనూ రాణుల పేర్లే, చెట్ల పేర్లే వీధులకి. లార్చ్ వీధి వీళ్లదొకటి, నాలుగు మైళ్ల అవతల స్టాక్టన్‌లో ఇంకొకటి. రెంటిలో ఒకదాని పేరు మారుస్తామని కాగితం వచ్చింది గానీ మార్పు రాలేదు. ఈలోగా ఉత్తరాల మీద జనం ఊరి పేరు వదిలేసి ఊరికే టీస్‌సైడ్ అని గీకి పడెయ్యడం మొదలుపెట్టారు.

డిసెంబరులో ఈలీన్ టీకాల కార్డు పది రోజులు ఆలస్యంగా వచ్చింది. కవరు మీద టీస్‌సైడ్‌ని కొట్టేసి, ఎవరో ముత్యాల్లాంటి అక్షరాలతో మిడిల్స్‌బ్రా అని రాసి, కింద రెండు గీతలు గీశారు. వెనకవైపు పెన్సిల్‌తో ఇలా ఉంది: "ఈ పాప నా ఇంట్లో లేదు. ఉంటే బాగానే ఉండేది. టీకా మాత్రం మానకండి. మిసెస్ హెబ్రన్, ఇరవై ఏడు, లార్చ్ వీధి, స్టాక్టన్."

తమ ఇంటి నంబరే, తమ వీధి పేరే. ఆ చీటీ చూసి నెవిల్ నవ్వాడు. "ఎవరో రిటైరైన హెడ్‌మాస్టరమ్మ."

గ్లెండా నవ్వలేదు. చీటీని వంటింటి అలమరలో, పాప పుట్టినప్పుడొచ్చిన కార్డులతో పాటు దాచుకుంది.

జనవరిలో మిసెస్ హెబ్రన్‌కి చేరాల్సిన ఖాకీ కవరొకటి వీళ్లింటికి వచ్చింది. ఆ కవరు మీద ఊరి పేరు దిద్ది పోస్టుడబ్బాలో పడేస్తే అయిపోయేది. కానీ అంత మంచిగా రాసినావిడకి తనూ రెండు ముక్కలు రాయాలి కదా అనిపించింది గ్లెండాకి. కాగితం తీసి పైన ఇంటి నంబరు రాసింది, వీధి రాసింది, ఊరి దగ్గర ఆగింది. ఆ ముత్యాల అక్షరాలావిడ తన తప్పు పట్టుకుంటే? కాగితం చింపేసింది. ఇంకోటి తీసింది, అదీ చింపేసింది. రేపు రాద్దాంలే అని కవరుని గోడ అరమీది గడియారం వెనక నిలబెట్టింది. ఆ రేపు ఐదు వారాలైనా రాలేదు.

పోయిన శనివారం ఈలీన్‌కి జలుబు చేసింది. ఆదివారానికి దగ్గు మొదలైంది. సోమవారం పొద్దున నెవిల్ ఉక్కు మిల్లులో పనికి వెళ్లిపోయాక ఆ దగ్గు మారిపోయింది. కుక్కపిల్ల మొరిగినట్టు, గొంతులోంచి కాకుండా రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు. ఊపిరి లోపలికి లాగినప్పుడల్లా ఈల. గ్లెండా పాప చొక్కా పైకెత్తి చూసింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడుతోంది. ఎనిమిది నెలల పిల్ల, ఏడవడానికి కూడా ఊపిరి చాలక తల్లి మొహంలోకి చూస్తోంది.

"ఆంటీ! డాట్ ఆంటీ!"

డాట్ ఆంటీ వెనక గుమ్మంలోంచి వచ్చింది, చేతులకి సబ్బు నురగతో. సోమవారం కదా, వీధి మొత్తం ఉతుకుల్లో ఉంది. వెనక సందులో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్లు, తాళ్ల మీద దుప్పట్లు.

"పొయ్యి మీద కెటిల్ పెట్టు. దుప్పటి ఇలా కప్పు, ఆవిరి పట్టాలి. మా రోనీకి ఇలాగే వస్తే మా అత్త వాణ్ణి గ్యాస్ కంపెనీ గేటు దగ్గరికి ఎత్తుకెళ్లి తారు పొగ పీల్పించింది. మధ్యాహ్నానికి లేచి కూర్చుని రొట్టె అడిగాడు."

"దీనికి గాలే అందట్లేదు, పొగ ఎక్కడ పీలుస్తుంది ఆంటీ!"

డాట్ ఆంటీ వంగి పాప పెదాలు చూసింది. ఆవిడ మొహంలో రంగు మారింది.

"పిల్లని నాకివ్వు. ఫోనుకి పరిగెత్తు," అంది డాట్ ఆంటీ.

చెప్పులో, ఇంటి జోళ్లో, కాళ్లకేమున్నాయో చూసుకోలేదు. తడి దుప్పట్ల కింద వంగి, ఒకదాన్ని మొహంతోనే తోసుకుంటూ సందు చివరికి పరిగెత్తింది. చేపల దుకాణం మూల మీద ఎర్ర ఫోను డబ్బా. మూడు తొమ్మిదులు తిప్పడానికి వేలు రెండుసార్లు జారింది.

"అంబులెన్సు కావాలి. మా పాపకి ఊపిరాడట్లేదు. ఎనిమిది నెలలు. పెదాలు నీలంగా అయిపోయాయి. ఇరవై ఏడు, లార్చ్ వీధి. త్వరగా రండి బాబూ, త్వరగా."

"ఇరవై ఏడు, లార్చ్ వీధి. బయల్దేరుతున్నారమ్మా. అమ్మా, ఒక్క మాట, అది ఏ..."

గ్లెండా అప్పటికే ఫోను పెట్టేసింది. పిల్లని వదిలొచ్చి అప్పటికే ఒక నిమిషం.

ఆ వీధిలో ముందు తలుపులు తెరిచేది మూడు పనులకే. పెళ్లికూతురికి, డాక్టరుకి, శవపెట్టెకి. మిగతా బతుకంతా వెనక గుమ్మంలోంచే నడుస్తుంది. గ్లెండా వాళ్ల ముందు తలుపు పెళ్లినాటి నుంచీ తెరవలేదు. చెమ్మకి చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. వెనక సందులోకి అంబులెన్సు రాదు, ఉతికిన బట్టలు అడ్డం.

"ముందు తలుపు తియ్యాలి. ఆ సోఫా జరుపు," అంది డాట్ ఆంటీ, పాపని ఆవిరి దగ్గర పట్టుకుని.

సోఫా జరిపింది. గొళ్లెం తీసి లాగింది. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. కిందటేడు ఎదురింటి ముసలాయనకి ఇలాగే తలుపు తీశారని, ఆయన పడుకునే బయటికి వెళ్లాడని గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ పట్టుకుంది. "తెరుచుకో, దరిద్రపుదానా!" అని అరిచి లాగితే కిర్రుమంటూ ఊడొచ్చింది. చలిగాలి, మసి వాసన, ఖాళీ వీధి.

వీధి ఖాళీగానే ఉంది.

ఐదు నిమిషాలు. పాప ఈల సన్నబడింది. శబ్దం తగ్గితే నయమా, ఎక్కువైతే నయమా అన్నది ఏ కాగితంలో చదివిందో గ్లెండాకి గుర్తు రాలేదు. గడప మీద నిలబడి, లోపల పిల్ల వంక ఒకసారి, బయట మలుపు వంక ఒకసారి చూస్తోంది. పది నిమిషాలు. చుట్టుపక్కల ఆడవాళ్లు సందులో బట్టలు వదిలేసి ముందువైపుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"వస్తార్లే బంగారం. ఊళ్లోనే కదా హాస్పిటలు."

"ఊళ్లోనే గనకే అంటున్నా. మా నాన్న పడిపోయినప్పుడు నాలుగు నిమిషాల్లో వచ్చారు."

"నోర్ముయ్యవే, ఆ పిల్ల అసలే బెదిరిపోయుంటే!"

పన్నెండు నిమిషాలు. లోపల్నుంచి డాట్ ఆంటీ గొంతు: "గ్లెండా. ఫోన్లో ఏం చెప్పావే?"

"చెప్పానుగా. పాప సంగతి. ఇరవై ఏడు, లార్చ్ వీధి అని."

"ఏ ఊరని చెప్పావు?"

"ఊళ్లోనే ఉండి ఊరి పేరు ఎందుకు చెప్తాం?"

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక, గ్లెండా చూపు తనంతట తానే గోడ అర మీదికి వెళ్లింది. గడియారం. గడియారం వెనక ఖాకీ అంచు.

ఏ భయాన్ని ఎనిమిది నెలల నుంచీ ఒళ్లో పిల్లతో పాటు మోస్తోందో, అదే ఎదురొచ్చి నిలబడింది. చెయ్యవలసింది ఒక్క పని. ఆ ఒక్కటీ సగమే చేసింది.

"స్టాక్టన్‌కి పోయారు," అంది. "ఆంటీ, వాళ్లు స్టాక్టన్‌కి పోయారు!"

మళ్లీ పరిగెత్తింది. ఈసారి ఫోను డబ్బాలో ఒక లావుపాటి మనిషి, భుజం అద్దానికి ఆనించి, గుర్రప్పందేల గురించి తీరిగ్గా మాట్లాడుతున్నాడు. గ్లెండా తలుపు లాగి అతని చేతిలోంచి రిసీవరు గుంజుకుంది.

"ఏయ్, ఏంటిది? వెర్రా నీకు?"

"మా పిల్ల చచ్చిపోతోంది, బయటికి నడు!"

అతను ఆ మొహం చూసి మారు మాట్లాడకుండా బయటికొచ్చి, తలుపు తనే పట్టుకుని నిలబడ్డాడు.

"మిడిల్స్‌బ్రా!" అని అరిచింది గ్లెండా, అవతల గొంతు వినపడగానే. పుట్టాక ఆ పేరు అంత గట్టిగా అనడం అదే మొదలు. "లార్చ్ వీధి, మిడిల్స్‌బ్రా! స్టాక్టన్ కాదు! తప్పు నాదే, నేను చెప్పలేదు. మిడిల్స్‌బ్రా!"

"తెలిసిందమ్మా, తెలిసింది," అన్నాడు అవతలాయన. "బండి అక్కణ్ణుంచి తిరిగి ఐదు నిమిషాలైంది. రేడియోలో చెప్పారు. మీవైపే వస్తోంది. వెళ్లి పాప దగ్గరుండండి."

తనకన్నా ముందు వాళ్లకి ఎవరు చెప్పారో అడగడానికి బుర్ర పనిచేయలేదు. ఇంటికి వచ్చేసరికి డాట్ ఆంటీ పాపని నిలువుగా భుజాన వేసుకుని గదిలో తిరుగుతోంది. ఈల లేదు. పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతోంది. గ్లెండా పిల్లని తీసుకుని, చెవి ఆ బుల్లి నోటికి ఆనించి, ఒక్కో ఊపిరికీ తన ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. నలభై దాకా లెక్క తెలిసింది. ఆ తర్వాత మలుపులో సైరన్.

ముందు తలుపులోంచి ఇద్దరు మనుషులు దూసుకొచ్చారు. పాప మొహానికి చిన్న ముసుగు పెట్టి ఆక్సిజన్ వదిలారు. బండి కదిలింది. రెండు మలుపులు తిరిగాక పెదాల నీలం కాస్త విడిచింది. అప్పుడు గానీ అందులో పెద్దవాడు, మీసాలాయన, గ్లెండా వంక తిరగలేదు.

"స్టాక్టన్ వెళ్లామమ్మా ముందు."

"నేను ఊరు చెప్పలేదండీ."

"ఈ ఏడు ఇది మూడోసారి, దిగులు పడకు. అక్కడ ఇరవై ఏడులో ఓ ముసలావిడ తలుపు తీసింది. పాప ఎక్కడంటే, 'ఇక్కడ పాప లేదు. ఈలీన్ కదూ? అది మిడిల్స్‌బ్రా పాప. కార్డు నేనే పంపాను. పొండి, పొండి, ఆ వీధి అటుంది' అని మమ్మల్ని తోసేసింది. పేరుతో సహా చెప్పింది చూడు! లేకపోతే వీధంతా తలుపులు కొట్టుకుంటూ ఉండేవాళ్లం."

గ్లెండా పాప మొహం మీది ముసుగు జారకుండా పట్టుకుంది.

"ఒకటే నా మనసులో పీకుతోంది," అన్నాడు మీసాలాయన, గొంతు తగ్గించి. "ఆవిడ మాతో మాట్లాడుతూనే ద్వారబంధం పట్టుకుని అలా కిందికి జారి కూర్చుండిపోయింది. మొహం సున్నం కొట్టినట్టుంది. ఆగుదామని వంగితే నా చెయ్యి విదిలించి కొట్టింది. 'నాకు డెబ్బై తొమ్మిది, దానికి తొమ్మిది నెలలు కూడా లేవు, నీకు లెక్కలు రావా?' అంది. ఏం చేస్తాం? వచ్చేశాం. ఎవరినన్నా పంపి చూడమని ఆఫీసుకి చెప్పాను."

హాస్పిటల్లో పాపని, మంచం చుట్టూ తెర కట్టి లోపలికి ఆవిరి వదిలే గుడారంలో పడుకోబెట్టారు. గొంతు లోపల వాచిందని, గండం గడిచిందనడానికి రెండు మూడు రోజులు పడుతుందని డాక్టరు చెప్పాడు. బల్ల దగ్గర నర్సు ఫారం ఇచ్చి, "అడ్రసు పూర్తిగా రాయండమ్మా," అంది. గ్లెండా కలం ఊరి పేరు దగ్గర ఆగింది. కవరు మీది ముత్యాల అక్షరాలు కళ్ల ముందుకొచ్చాయి. ఆ అక్షరాల్ని చూసి గీసినట్టే రాసింది. కింద రెండు గీతలు గీసింది. ఒప్పో తప్పో ఎవర్నీ అడగలేదు.

సాయంత్రం నెవిల్ మిల్లు బూట్లతోనే వచ్చాడు. మర్నాడు వచ్చేటప్పుడు, ఆమె చెప్పినట్టే, గడియారం వెనక కవరు జేబులో పెట్టుకొచ్చాడు. పరాయి ఉత్తరం తెరవకూడదు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని తెరిచారు. గుండె డాక్టరు దగ్గరికి జనవరి ఇరవై ఎనిమిదిన తప్పకుండా రావాలని, రాకపోతే మళ్లీ తారీకు దొరకడం కష్టమని అందులో ఉంది.

"నేను ఇప్పుడే వెళ్తాను," అన్నాడు నెవిల్. స్టాక్టన్ బస్సెక్కి వెళ్లాడు. తిరిగొచ్చి, తలుపు పావుగంట కొట్టినా ఎవరూ తీయలేదని చెప్పాడు. దారినపోయే ఒకావిడ, చెల్లెలింటికి వెళ్లిందేమో, తనకి తెలీదు అందట.

ఇంటి దగ్గర డాట్ ఆంటీ అది విని తల బాదుకుంది. "ఏ తలుపు కొట్టావురా?"

"ముందు తలుపే. మర్యాదగా."

"మర్యాదగానట! పుట్టాక మీ అమ్మ ముందు తలుపు కొడితే ఎప్పుడన్నా తీసిందా? అప్పుల వాడో, శవపెట్టె మోసేవాడో అనుకుంటుంది ఆ స్టాక్టన్ ముసలిది. వెనక సందులోకి వెళ్లి కేకెయ్యాలని కూడా తెలీదా, ఏ ఊళ్లో పుట్టావురా నువ్వు?"

నెవిల్ తల దించుకున్నాడు. పరాయి ఊరు కదా అని మర్యాదకి పోయాడు. బుధవారం నుంచి అతనికి మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా షిఫ్టు. పొద్దుటి పూటంతా గ్లెండాకి బట్టలూ తిండీ చేరవెయ్యడంతోనే సరిపోతోంది. డాట్ ఆంటీకి మోకాళ్లు బస్సెక్కనివ్వవు. అంబులెన్సు మీసాలాయన మళ్లీ కనబడలేదు. ఆఫీసు వాళ్లు ఎవరినన్నా పంపారో లేదో తెలీదు. గ్లెండా గుడారం పక్కన కుర్చీ వదలట్లేదు. పాప ఊపిరి ఇవాళ మెత్తగా ఉంది. నిన్న ఒకసారి నవ్వింది కూడా. గ్లెండా మాత్రం నవ్వలేకపోతోంది. వచ్చినవాళ్లందరినీ ఒకటే అడుగుతోంది: "స్టాక్టన్ వైపు వెళ్తున్నారా?"

ఇదంతా జరిగింది ఈ సోమవారమే. ఇవాళ గురువారం. మీలో ఎవరైనా రేపో ఎల్లుండో అటు వెళ్లేవాళ్లుంటే, లార్చ్ వీధి ఇరవై ఏడులో మిసెస్ హెబ్రన్‌ని ఒక్కసారి చూసి రండి. ముందు తలుపు కొట్టకండి. వెనక సందులోంచి, చివరి ఇంటి నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లి, గోడ మీంచి పేరు పెట్టి కేకెయ్యండి. పాలవాడు రోజూ పెట్టిపోయే సీసాలు తీసేవాళ్లు లేక గుమ్మంలో పేరుకున్నాయేమో, పొగగొట్టంలో పొగ ఉందో లేదో చూడండి. ఆవిడ తలుపు తీస్తే, ఈలీన్ ఊపిరి పీలుస్తోందని, ఉత్తరం తప్పు గ్లెండాదేనని చెప్పండి. తీయకపోతే అక్కడే నిలబడి ఆలోచించకండి, వెంటనే ఫోను చేసి ఎవర్నైనా పిలవండి. పిలిచేటప్పుడు స్టాక్టన్ అని ఊరి పేరు మొదట చెప్పండి.